తలుపు మూస్తే మాయం

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈమధ్య ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఒక తంతు తప్పనిసరి. వ్రతం అయిపోయాక, భోజనాలకి కూర్చోబోయే ముందు, ఇంటావిడ వచ్చినవాళ్ళందరినీ వంటగదిలోకి తీసుకెళ్తుంది. తలుపు నొక్కితే తెరుచుకుంటుంది, మళ్ళీ నొక్కితే మూసుకుంటుంది. మిక్సీ లోపల, గ్రైండర్ లోపల, పోపులపెట్టె లోపల, ఆఖరికి చెత్తబుట్ట కూడా లోపలే. చూసినవాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని, "అబ్బ, ఒక్క వస్తువు కూడా బయటికి కనిపించట్లేదు!" అంటారు. కొత్త ఇంటికి అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

ఆ మాట వింటే నాకు మాత్రం గుండెల్లో చిన్న దడ. ఎందుకంటే నాలాంటివాళ్ళకి కనిపించని వస్తువు లేనట్టే. తలుపు మూస్తే మాయం.

నాకు ఏడీహెచ్‌డీ ఉందని విశాఖలో ఒక సైకియాట్రిస్టు చెప్పి రెండేళ్ళు దాటింది. అప్పటికి నా వయసు 26. ఇంజినీరింగ్ అయిపోయింది, ఉద్యోగం చేస్తున్నా, జీతం వస్తోంది. "మరి ఇంకేం రోగం?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. ఆ ప్రశ్న సబబే. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని వేల లైన్ల కోడ్‌లో తప్పు పట్టుకోగల మనిషి, బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎందుకు చెప్పలేదు? ఉతికిన బట్టలు మడత పెట్టడం ఎందుకంత బరువైపోతుంది? ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం. ఇల్లు సర్దడం గురించి. ఆ సర్దుడుని బట్టి ఆడపిల్లకి వేసే మార్కుల గురించి కూడా.

ఇది కొత్త ఫ్యాషన్ రోగం కాదు

రీల్స్ చూసి అందరూ తగిలించుకుంటున్న జబ్బు అనుకుంటారు చాలామంది. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు తెలివితేటలకి లోటు లేకపోయినా నిలకడ లేని పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చింది 1902లో. అంటే మన గురజాడ వారు విజయనగరంలో ఉన్న కాలమే. మానసిక వైద్యులు వాడే అమెరికన్ గ్రంథంలో ఇది 1980లో 'అటెన్షన్ డెఫిసిట్' పేరుతో ఎక్కింది, 1987లో ఇప్పటి పేరు వచ్చింది. పెద్దవాళ్ళకి లక్షణాల లెక్క కొంచెం సడలించింది 2013లో. పిల్లలకి 9లో 6 లక్షణాలు ఉండాలి, 17 ఏళ్ళు దాటినవాళ్ళకి 5 చాలు. కానీ ఆ లక్షణాల్లో కొన్నైనా 12 ఏళ్ళలోపే కనబడి ఉండాలి. ఇంట్లో ఒక్కచోటే కాదు, బడిలోనో, ఆఫీసులోనో కూడా ఇబ్బంది ఉండాలి. నిన్నమొన్న మొదలైన మతిమరుపుని ఏడీహెచ్‌డీ అనరు.

పెద్దవాళ్ళలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. మన వీధిలో వంద మంది పెద్దవాళ్ళు ఉంటే, అందులో ఇద్దరు ముగ్గురన్నమాట.

ఇక అసలు విషయం. అజాగ్రత్తకి సంబంధించిన ఆ 9 లక్షణాల్లో మూడు ఇంటి గడప దాటక్కర్లేనివి. పనులు ఒక వరసలో పెట్టుకోలేకపోవడం ఒకటి. అవసరమైన వస్తువులు పదే పదే పోగొట్టుకోవడం రెండోది. బిల్లు కట్టడం, తిరిగి ఫోన్ చెయ్యడం లాంటి రోజువారీ పనులు మర్చిపోవడం మూడోది. ఇల్లు దిద్దుకోవడం రాదని మనం ఎవర్నైతే అంటామో, ఆ తిట్టు డాక్టర్ల పుస్తకంలో లక్షణాల జాబితాలా కనిపిస్తుంది.

ఇందులో ఒక చిన్న సవరణ కూడా చెప్పాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి 'వస్తువు కనబడకపోతే అది ఉందని కూడా తెలియదు' అని ఇంటర్నెట్‌లో ఒక మాట తిరుగుతోంది. పసిపిల్లల మీద పరిశోధన చేసిన పియాజే మాటని తెచ్చి దీనికి అంటించారు. అది సరికాదు. ఫ్రిజ్‌లో కొత్తిమీర ఉందని నాకు తెలుసు. అడిగితే చెప్తా. అడగకపోతే, కూర దించేటప్పుడు ఆ సంగతి దానంతటది గుర్తుకి రాదు. మనసులో క్షణకాలం విషయాలు నిలబెట్టుకునే చోటు ఒకటి ఉంటుంది. కంప్యూటర్ భాషలో ర్యామ్ అనుకోండి. హార్డ్ డిస్క్ బాగానే ఉంది, ర్యామ్ దగ్గరే ఇరుకు. కొత్త పని లోపలికి వస్తే పాతది బయటికి పోతుంది. అందుకే తువ్వాలు ఆరెయ్యడానికి బయల్దేరిన మనిషి దారిలో మొక్కలకి నీళ్ళు పోసి, తడి తువ్వాలు మంచం మీద వదిలేసి, ఫోన్‌లో కరెంటు బిల్లు చూస్తూ నిలబడుతుంది. రోజంతా పని చేసినట్టే ఉంటుంది, ఒక్క పనీ పూర్తయి ఉండదు.

పెంకుటింట్లో బతికిపోయిన పిన్ని

ఇది నాకు అర్థమైంది డాక్టరు గదిలో కాదు, రాజాం దగ్గర మా పిన్ని ఇంట్లో. ఇల్లు కదలకుండా జిల్లా మారిన ఊరు అది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది.

పిన్నికి యాభై రెండేళ్ళు. పదో తరగతి వరకు చదివింది. ఆవిడ కథ చెప్తే పెళ్ళివారింట్లో పిల్లలందరూ నిద్ర మానేసి వింటారు. అదే పిన్నిని చుట్టాలందరూ 'మాలోకం' అంటారు. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్తే ఇక ఆ పాల సంగతి దేవుడికెరుక.

ఏడేళ్ళ కిందటి వరకు వాళ్ళది పెంకుటిల్లు. ఆ ఇల్లు నాకు అంగుళం అంగుళం గుర్తు. గుమ్మం పక్కన మేకుకి తాళంచెవులు. గోడ గూట్లో దువ్వెన, కాటుక, అగ్గిపెట్టె. చిలక్కొయ్యకి బాబాయి చొక్కా. ఈ మూల నుంచి ఆ మూలకి కట్టిన దండెం మీద చీరలు, దుప్పట్లు. చూరులో కొడవలి. వంటింట్లో ఉట్టి మీద పెరుగు, నెయ్యి. పాలవాడి లెక్క బొగ్గుతో గోడమీద గీతలు. ఏ వస్తువైనా ఎక్కడుందో గుమ్మంలో నిలబడి ఒక్క చూపులో చెప్పొచ్చు. ఆ ఇంట్లో పిన్ని పని బాగానే నడిచిపోయింది. మాలోకం అన్నారు గానీ, బద్ధకం అని ఎవరూ అనలేదు.

తరవాత డాబా కట్టారు. గోడలకి పుట్టీ, మెరిసే రంగులు. బాబాయి పెట్టిన మొదటి రూలు, "గోడకి మేకు కొట్టొద్దు, పుట్టీ ఊడిపోద్ది." దాంతో తాళంచెవులు సొరుగులోకి వెళ్ళాయి. దువ్వెన ఇంకో సొరుగులోకి. బట్టలు వార్డ్‌రోబ్‌లోకి. పాలలెక్క ఒక నోటుబుక్కులోకి, ఆ నోటుబుక్కు మరో అలమరాలోకి. ఇల్లు అద్దంలా తయారైంది. పిన్ని పరిస్థితి మాత్రం పూర్తిగా చెడిపోయింది.

ప్రతి వస్తువుకీ వెతుకులాట. దొరక్క మళ్ళీ కొనడం. కొన్నది ఇంకో చోట పెట్టడం. వెతికిన ప్రతిసారీ అలమరాలో ఉన్నవన్నీ బయటికి లాగడం, తిరిగి సర్దే ఓపిక లేక అక్కడే వదిలెయ్యడం. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో పేరు మారిపోయింది. 'లక్షలు పోసి మొగుడు ఇల్లు కడితే ఉంచుకోడం సేతకాదు' అన్నారు. మాలోకం కాస్తా బద్ధకస్తురాలైంది. అదే మనిషి, అవే చేతులు, మారింది ఇల్లొక్కటే.

ఇదంతా నవ్వుకుని వదిలెయ్యొచ్చు, ఒక్క సంగతి లేకపోతే. పిన్నికి బీపీ. కిందటి సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు వంటగది సొరుగులు సర్దుతుంటే ఒకే మందు అట్టలు మూడు చోట్ల దొరికాయి. సగం సగం వాడినవి. నెలనెలా చూపించుకునే డాక్టరు బీపీ తగ్గట్లేదని ఇంకో మాత్ర కలుపుతానన్నాడట. "రోజూ వేసుకుంటున్నావా అని అడిగాడా?" అన్నాను.

"అడిగినాడమ్మా. ఏసుకుంతన్నానన్నాను. మర్సిపోతన్నానని ఎలా సెప్తాను? ఇల్లే సూసుకోలేందానివి మందులేటి ఏసుకుంతావని మీ బాబాయి ఆడే నవ్వుతాడు."

కాసేపు ఆగి మళ్ళీ అంది. "నాను బద్ధకం దాన్నా సెప్పు? పొద్దు పొడిసిన కాడ్నించి ఒక్క సనం కూకుంతన్నానేటి?"

కూర్చోవడం లేదు. అది నేను కళ్ళారా చూశాను. ఆ మనిషికి పని చేయడం రాక కాదు, ఆ ఇల్లు ఆవిడకి ఏదీ గుర్తు చెయ్యడం మానేసింది.

పిన్నికి ఏడీహెచ్‌డీ ఉందని నేను అనట్లేదు. అది తేల్చాల్సింది డాక్టరు. మతిమరుపుకి, నీరసానికి థైరాయిడ్, రక్తహీనత, నిద్రలేమి, డిప్రెషన్, నెలసరి ఆగే వయసు లాంటి కారణాలు చాలా ఉంటాయి, ముందు అవి చూసుకోవాలి. అయితే ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో నడుస్తుంది. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాల్ని బట్టి మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల వాటాయే. ఒక ఇంట్లో నాకు పేరు దొరికిందంటే, ఆ పేరు దొరకకుండానే బతికేసిన ఆడవాళ్ళు నా వెనక ఎంతమంది ఉన్నారో అనిపిస్తుంది.

తలుపులు ఊడదీశాం

కనుమ మర్నాడు పనిలోకి దిగాం. ముందు బాబాయితో ఒప్పందం. హాలు ఆయనది, నలుగురూ వచ్చి కూర్చునే చోటు, అక్కడ ఏ మార్పూ ఉండదు. వంటగది, పడకగది పిన్ని ఇష్టం. ఆయన మొహం ముడుచుకున్నా, డాక్టరు మాట చెప్పాక సరేనన్నారు.

వంటగదిలో రోజూ వాడే మూడు అలమరాల తలుపులు స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి అటక మీద పెట్టేశాం. డబ్బాలన్నీ లోపలిది కనిపించేవి. పప్పు సగానికి వచ్చిందంటే నడుస్తూ చూసినా తెలుస్తుంది. గోడకి మేకులు కొట్టకుండా వడ్రంగి చేత ఎనిమిది కొయ్యలున్న ఒకే పలక చేయించి రెండు స్క్రూలతో బిగించాం. పుట్టీ బతికిపోయింది, చిలక్కొయ్యలు తిరిగొచ్చాయి. పాలలెక్కకి గోడమీద బొగ్గు బదులు పిల్లల పలక ఒకటి వేలాడదీశాం.

బీపీ మాత్రలకి ఏడు అరల పెట్టె కొన్నాం, ఆది నుంచి శని వరకు. దాన్ని మందుల డబ్బాలో పెట్టలేదు. పిన్ని పొద్దున్నే ముందుగా ముట్టుకునేది టీ గ్లాసు. ఆ గ్లాసులోనే పెట్టె. పెట్టె తియ్యకుండా టీ పొయ్యడం కుదరదు. మంగళవారం అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే వేసుకోనట్టు. గుర్తు పెట్టుకోవాల్సిన పనే లేదు, చూస్తే చాలు.

తరవాత డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఉన్న సంగతి చెప్పమన్నాను. చెప్పింది. ఆయన కోప్పడలేదట. రెండో మాత్ర ఆపి, ఉన్నదే సరిగ్గా వేసుకుని నెల తరవాత రమ్మన్నాడు. ఆ నెల బీపీ దిగింది. ఇల్లు ఇప్పటికీ అద్దంలా లేదు. మంచం మీద బట్టల గుట్ట అలాగే ఉంది. కానీ మందు వృథా అవట్లేదు, పాలవాడితో తగాదా లేదు.

నా ఇంట్లో నడుస్తున్నవి

నేను ఉండేది విజయనగరంలో ఒక అద్దె పోర్షన్. పిన్ని ఇంట్లో తెలిసినదాన్ని ఇక్కడ ఇంకాస్త ముందుకి తీసుకెళ్ళాను. నాకు పనికొచ్చినవి చెప్తా, మీకు పనికొస్తే తీసుకోండి.

మొదటిది, సగం మాసిన బట్టలు. మన ఇళ్ళల్లో బట్టకి రెండే స్థానాలు. ఉతికినవైతే బీరువా, మాసినవైతే బుట్ట. ఒక పూట తొడిగి విప్పిన చుడీదార్ ఎక్కడికి పోవాలి? బీరువాలో పెట్టలేం, ఉతకడానికి వెయ్యలేం. అందుకే దేశంలో ఏ ఇంటికెళ్ళినా ఒక కుర్చీ బలైపోయి ఉంటుంది. మా తాతలకి ఈ సమస్య లేదు, వాళ్ళకి చిలక్కొయ్య ఉంది. మూడో రకం బట్టకి మూడో చోటు. నా గదిలో ఇప్పుడు ఆరు కొక్కేలు ఉన్నాయి. ఆరూ నిండితే ఉతికే రోజు వచ్చినట్టు. కుర్చీలో మనుషులు కూర్చుంటున్నారు.

రెండోది, కాగితాలు. ఇది తుఫాను నేర్పిన పాఠం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి మీకు తెలుసు. మా తీరం మనుషులకి తుఫాను హెచ్చరిక వస్తే ఏం తీసుకోవాలో చెప్పక్కర్లేదు. పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒకే సంచి. ఆ సంచి పట్టుకుంటే ఇల్లు వదిలి వెళ్ళిపోవచ్చు. ఫైళ్ళు, రంగురంగుల లేబుళ్ళు, అకారాది క్రమం నా వల్ల అయ్యే పని కాదు. ఒక్క సంచి అవుతుంది. ముఖ్యమైన కాగితం చేతికొచ్చిన వెంటనే ఆ సంచిలోకి. లోపల ఎలా ఉన్నా పర్లేదు. వెతకాల్సిన చోటు ఒక్కటే కావడం ముఖ్యం.

మూడోది, తోడు. దీనికి ఇంగ్లిష్‌లో 'బాడీ డబ్లింగ్' అని పేరు పెట్టారు. పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు, వాళ్ళు సాయం చెయ్యకపోయినా మన పని సాగుతుంది. కొత్తేం కాదు. వేసవిలో అరుగు మీద నలుగురు కూర్చుని చింతపండు కొట్టడం, ఒడియాలు పెట్టడం చూడలేదా? ఒక్కత్తికీ ఇస్తే పది రోజులైనా తెమలని పని కబుర్లలో గడిచిపోయేది. ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి నేనూ పిన్నీ ఫోన్లు స్పీకర్‌లో పెట్టుకుని ఎవరి గిన్నెలు వాళ్ళు తోముకుంటాం. అర్ధగంటలో ఆవిడ వంటిల్లూ తేలుతుంది, నాదీ తేలుతుంది.

నాలుగోది, బయటి గడియారం. 'వీలున్నప్పుడు చేద్దాం' అంటే మా మెదడుకి 'ఎప్పటికీ వద్దు' అని వినిపిస్తుంది. చుట్టాలు గంటలో వస్తున్నారంటే మాత్రం ఇల్లంతా అరగంటలో సర్దేస్తాం. దగ్గర్లో ఉన్న గడువే కదిలిస్తుంది, దూరంగా ఉన్నది ఎంత ముఖ్యమైనా కదిలించదు. అందుకని నా పనుల్ని ఇంకొకళ్ళు మోగించే గంటకి కట్టేశాను. పొద్దున్న చెత్తబండి పాట వినబడగానే వంటగది, బాత్రూమ్, గది బుట్టలు మూడూ ఒకే సంచిలోకి. అలారం అయితే ఆపేస్తా. చెత్తబండి మాత్రం నాకోసం ఆగదు.

వారానికోసారి చేసే పనికి లక్ష్మివారం పెట్టుకున్నా. గురువారాన్ని మా వైపు పెద్దవాళ్ళు అలాగే అంటారు కదా. మార్గశిర మాసం లక్ష్మివారాలకి బుధవారం సాయంత్రానికే ఇల్లు కడిగి, తెల్లారకముందే గడపకి పసుపు రాసి, ముగ్గు పెట్టేవాళ్ళు. నమ్మకం సంగతి ఎవరిష్టం వాళ్ళది. ఒక ఇంజినీరుగా చూస్తే అదొక పక్కా షెడ్యూల్. రోజు ఖాయం, పని ఖాయం, ఊరంతా అదే రోజు చేస్తుంది కాబట్టి తోడు కూడా ఖాయం. నేను ఆ నెలని ఏడాదికి పొడిగించుకున్నా. బుధవారం సాయంత్రం గంట. గంట దాటితే ఎక్కడున్నది అక్కడ ఆపేస్తా. లేకపోతే ఒక్క అలమరా మొదలుపెట్టి అర్ధరాత్రి వరకు పాత ఫొటోలు చూస్తూ కూర్చుంటా.

ఇంకొక మాట. ఏ పద్ధతైనా నాకు మూడు నాలుగు వారాలే కొత్తగా ఉంటుంది. తరవాత గోడ మీద అంటించిన చీటీ గోడలో కలిసిపోతుంది, కంటికి ఆనదు. అప్పుడు చీటీ రంగు మారుస్తా, చోటు మారుస్తా. పద్ధతి చెడిపోయిందని ఏడవక్కర్లేదు. సబ్బు అరిగిపోతే ఏడుస్తామా? కొత్తది తీస్తాం.

పాత ఇంటిని మరీ ఆకాశానికెత్తొద్దు

ఇదంతా చదివి పెంకుటిల్లే స్వర్గం అనుకుంటారేమో. కాదు. అప్పుడు వస్తువులు తక్కువ. మనిషికి నాలుగు జతల బట్టలుంటే సర్దడానికి ఏముంటుంది? పైగా తెల్లవారుజామున లేచి పేడకళ్ళాపి దగ్గర్నుంచి మొదలుపెట్టే ముగ్గురు కోడళ్ళ చాకిరీ ఆ ఇంటి వెనక ఉండేది. ఒకరు మర్చిపోయింది ఇంకొకరు గుర్తుచేసేవారు. ఇప్పుడు ఇంట్లో ఉండేది ఇద్దరు, ఆ ఇద్దరిలో ఇల్లు గుర్తు పెట్టుకునే బాధ్యత ఒక్కరిదే.

ఆ ఒక్కరు ఎవరో మీకు తెలుసు. మా ఆఫీసులో మగపిల్లల గదులు ఎలా ఉంటాయో వీడియో కాల్‌లో చూస్తూనే ఉంటా. 'బ్యాచిలర్ రూమ్' అని నవ్వేస్తారు. అదే గది ఆడపిల్లదైతే పెంపకం దగ్గరికి పోతారు, పెళ్ళి దగ్గరికి పోతారు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగే నెపంతో వంటిల్లు చూసి వెళ్ళడం ఇంకా ఉంది. బడిలో కూడా ఇంతే. గోల చేసే పిల్లాడు టీచరు కళ్ళల్లో పడతాడు. కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల పడదు. 'తెలివైనదే గానీ శ్రద్ధ లేదు' అని ప్రోగ్రెస్ కార్డులో ఒక ముక్క రాసి వదిలేస్తారు. అమ్మాయిల్లో దీన్ని ఆలస్యంగా గుర్తించడానికి అదొక కారణం.

సిగ్గు ఇల్లు సర్దదు. సిగ్గు చేసేదల్లా తలుపులు మూయించడం. గుట్టని అలమరాలోకి తోసేసి తలుపు వేస్తాం, మందు మర్చిపోయి డాక్టరుకి అబద్ధం చెప్తాం, ఎవరైనా వస్తామంటే ఊళ్ళో లేమంటాం. పిన్ని విషయంలో అది ఇంకో మాత్ర దాకా వెళ్ళింది. ఇంకొకరి ఇంట్లో ఎక్కడి దాకా వెళ్తుందో చెప్పలేం.

అనుమానం ఉంటే

ఇది చదువుతూ 'అచ్చం నాలాగే ఉంది' అనుకున్నవాళ్ళు రీల్స్ చూసి తేల్చుకోవద్దు, అలాగని కొట్టిపారెయ్యొద్దు. సైకియాట్రిస్టుని కలవండి. చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు ఉంటే పట్టుకెళ్ళండి, అమ్మనో అక్కనో తోడు తీసుకెళ్ళండి. చిన్నతనం గురించి అడిగే ప్రశ్నలకి వాళ్ళ జవాబులే ఎక్కువ పనికొస్తాయి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంత దూరం వెళ్ళడానికి ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మందులు ఉన్నాయి. మిథైల్‌ఫెనిడేట్ లాంటివి ప్రభుత్వ నియంత్రణలో ఉన్న మందులు, డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు, ఇంకొకరివి వాడకూడదు. అటామొక్సెటిన్ వేరే రకం, అది మెల్లగా పనిచేస్తుంది. ఏది ఎవరికి సరిపడుతుందో డాక్టరే చూడాలి, ముఖ్యంగా బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి. మందు వల్ల నాకు పని మొదలుపెట్టడం తేలికైంది. కానీ మందు బట్టలు మడత పెట్టదు. కొక్కేలు, సంచి, చెత్తబండి, పిన్ని ఫోను, ఇవన్నీ అందుకే.

ఇంట్లో ఇలాంటివాళ్ళు ఉన్నవాళ్ళకి ఒక్క విన్నపం. 'ఎన్నిసార్లు చెప్పాలి?' అని అడగడం ఆపండి. ఎన్నిసార్లు చెప్పినా ఆ క్షణానికి ఆ మాట చోటు ఖాళీ చేసి పోతుంది. దాని బదులు 'ఎక్కడ పెడితే నీకు కనబడుతుంది?' అని అడగండి. జవాబు మీకు వింతగా ఉండొచ్చు. టీ గ్లాసులో బీపీ మాత్రలు ఉండొచ్చు, గుమ్మానికి గొడుగు వేలాడొచ్చు, వంటింటి అలమరాకి తలుపులు లేకపోవచ్చు. వచ్చిన చుట్టాలు ఏమైనా అంటే పిన్ని ఇప్పుడు ఒకటే మాట చెప్తోంది.

"మాది అద్దాలిల్లు కాదమ్మా. అన్నీ అవుపడే ఇల్లు."